ఖాళీగా తిరిగొచ్చిన క్యారియర్

ప్రశ్న: నా వయసు 48. కాకినాడలో ఉంటాం. మా వారు ప్రభుత్వోద్యోగి, అబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. మాది మూడంతస్తుల అపార్ట్‌మెంటు, లిఫ్టు లేదు. చిన్నప్పటి నుంచీ నాకు పదిమందికి పెట్టడం అలవాటు. పులిహోర చేస్తే పై అంతస్తులో ఉండే ముసలి దంపతులకి వెళ్ళాల్సిందే, ఆవకాయ పెడితే నాలుగిళ్ళకి సీసాలు సర్దాల్సిందే. మా అత్తగారు ‘వచ్చిందమ్మా డొక్కా సీతమ్మ’ అని ఎత్తిపొడిచేవారు. నేను పట్టించుకోలేదు.

మొన్న ఆషాఢంలో ఎదురు ఫ్లాటావిడ భర్తకి ఆపరేషన్ అయింది. పన్నెండు రోజులు ఆసుపత్రికి క్యారియర్ మోశాను. నాలుగో రోజున ‘ఎందుకండీ మీకు శ్రమ, కింద క్యాంటీన్ ఉందిగా’ అంది. మొహమాటానికి అంటోందిలే అని నేను మానలేదు. ఆఖరి రోజున క్యారియర్ ఖాళీగా తిరిగొచ్చింది. మా పుట్టింట్లో గిన్నె ఖాళీగా పంపడం ఎరగం. చిటికెడు పంచదారైనా వేసి పంపుతాం. ఆవిడ దగ్గర్నుంచి ఒక్క మాట కూడా లేదు.

కార్తీకంలో నేను బాత్రూంలో జారిపడ్డాను. పాదం ఎముక చిట్లి ఆరు వారాలు పిండికట్టు. ఎదురింటావిడ తొంగి చూడలేదు. ఆవకాయ అందుకున్న నాలుగిళ్ళలో ఒక్కరూ రాలేదు. పడ్డానని చాటుకోవడం ఇష్టంలేక ఎవరికీ ఫోన్ చేయలేదు గాని, ఒకే మెట్లు ఎక్కిదిగేవాళ్ళకి తెలియదంటారా? మా వారు రెండు రోజులు సెలవు పెట్టారు. ఆయన చేసిన ఉప్మా ఉండ కట్టింది. పైగా ‘నిన్నెవరు చేయమన్నారు వాళ్ళందరికీ?’ అని ఆయన, ‘అమ్మా, నీది ఫ్రీ డెలివరీ, రేటింగ్ కూడా రాదు’ అని మావాడు.

కట్టు విప్పాక మొదటిసారి రైతు బజారుకి వెళ్ళాను. నేను కుంటడం చూసి, కూరలమ్మే ఒకావిడ తను కూర్చున్న పీట లాగి నాకు వేసింది. కూరలు తనే ఏరి సంచిలో పోసి, మనవణ్ణి పంపి ఆటో పిలిపించింది. ఆటోలో కూర్చున్నాక చూసుకుంటే సంచిలో నేను కొనని కొత్తిమీర కట్ట ఉంది. ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. ఎవరో పేరైనా తెలీని మనిషి కొత్తిమీర వేస్తే ఇంత ఏడుపెందుకో నాకే అర్థం కాలేదు. అప్పటి నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. సంక్రాంతికి ఎవరికీ ఏమీ పంపలేదు. క్యారియర్ అటకెక్కించాను. హాయిగా ఉంటుందనుకున్నాను, ఇల్లంతా బోసిపోయినట్టుంది. తిరిగి ఆశించడం నా తప్పా? అసలు మంచితనమే మానేయాలా?
— ఒక సోదరి, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు ఆ కొత్తిమీర కట్ట సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైంది అదే, మీరేమో దాన్ని సిగ్గుపడుతూ చివర్లో రాశారు.

ఆ కూరలావిడకి ఆ రాత్రికి మీరు గుర్తుండి ఉండరు. బేరాలు, చిల్లర, అమ్ముడుపోకపోతే వాడిపోయే ఆకుకూరలు, ఆవిడ గొడవ ఆవిడది. కాలు బాగాలేని మనిషి కనబడింది, పీట వేసింది, అంతే. మీ వైపు నుంచి చూస్తే మాత్రం, ఆరు వారాల తర్వాత మీ కాలి వంక చూసిన మొదటి పరాయి మనిషి ఆవిడ. ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ మధ్య ఈ తేడా ఎప్పుడూ ఉంటుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు షికాగోలోని ఒక పార్కులో, గడ్డకట్టే చలిలో, 84 మందికి ఒక అవకాశం ఇచ్చారు. ఈ హాట్ చాక్లెట్ కప్పు మీరే ఉంచుకుంటారా, ఎవరో తెలియని మనిషికి ఇచ్చేస్తారా అని. 75 మంది ఇచ్చేశారు. ‘పుచ్చుకున్నవాళ్ళకి ఎంత బాగా అనిపించి ఉంటుందంటారు?’ అని వాళ్ళని అడిగితే, నిజంగా అనిపించినదానికంటే తక్కువ చెప్పారు. 2022లో అచ్చయింది ఆ పరిశోధన. ఇచ్చేవాళ్ళ కళ్ళకి కప్పు కనిపిస్తుంది. అందుకున్నవాళ్ళకి ‘నన్నొకరు పట్టించుకున్నారు’ అన్నది కూడా కలిసొస్తుంది.

ఇదే కొలత మీ క్యారియర్‌కీ పెట్టి చూడండి. ఆసుపత్రి వరండాలో ఆ ఇల్లాలికి మీ చారన్నం ఎలా అనిపించిందో మీకు తెలిసే దారి లేదు. మీరు ఊహించుకున్నదానికంటే ఎక్కువే అనిపించి ఉండవచ్చు. మరి ఒక్క మాట అనొచ్చుగా అంటారు. మీ నొప్పి నాకు తెలుసు, నేనూ గిన్నె ఖాళీగా పంపని ఇంట్లోనే పెరిగాను. మజ్జిగ పట్టుకెళ్ళిన గిన్నెలో రెండు మామిడికాయలో, గుప్పెడు అటుకులో తిరిగొచ్చేవి. మన ఇళ్ళల్లో కృతజ్ఞత చెప్పే పని నోటిది కాదు, గిన్నెది. పక్కింటావిడ పాలు తోడుపెట్టి ఇస్తే ‘ధన్యవాదాలండీ’ అని చూడండి, ఈవిడకేమైందని కంగారుపడుతుంది. ఆ మాట సభలో వందన సమర్పణకి తప్ప వంటింట్లో పనికిరాదు. ఈ మౌనం మనకొక్కళ్ళకే ఉన్నదీ కాదు. 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఎనిమిది భాషలవాళ్ళు ఇళ్ళల్లో, స్నేహితుల మధ్య మామూలుగా మాట్లాడుకునే మాటలు రికార్డు చేసి చూశారు. అడిగిన పని చేసిపెట్టినప్పుడు కృతజ్ఞతగా ఏదో ఒక మాట వచ్చింది ఇరవైసార్లకి ఒక్కసారే. ఇంగ్లీషువాళ్ళు కాస్త నయం, ఏడింటికి ఒకటి. వాటిలో తెలుగు లేదు. ఉంటే లెక్క ఇంకా కిందికి పోయేదని నా అనుమానం.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, నోటితో చెప్పడం మనకి ఎప్పుడూ అలవాటు కాలేదు, గిన్నెతో చెప్పడం ఇప్పుడు పోతోంది. ప్లాస్టిక్ డబ్బాల్లో పార్శిళ్ళు తెప్పించుకునే ఇళ్ళల్లో పెరిగిన పిల్లకి ఖాళీ గిన్నెకి అర్థం ఉందని ఎవరు చెప్పారు? పైగా అవతల పన్నెండు రోజుల ఆసుపత్రి కాపురం. శుభ్రంగా కడిగి పంపిందా? పంపితే, అదే ఆవిడ పంచదార అనుకోండి.

ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. నాలుగో రోజున ఆవిడ వద్దంది. మీరు వినలేదు.

మీ తప్పని అనను. మనలో ‘వద్దండీ’ అంటే వద్దు అని కాదు కదా. కాఫీ తాగుతారా అంటే వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చామండీ. మూడోసారి అడిగితే గాని కప్పు అందుకోం. మొదటి అడుగులోనే సరేననేవాణ్ణి చూసి లోపల నవ్వుకుంటాం. అలాంటి చోట నిజమైన వద్దు ఏదో, మర్యాద వద్దు ఏదో పోల్చుకోవడం కష్టమే. కానీ ఒక ఆనవాలుంది. మర్యాదకి అనేవాళ్ళు కారణం చెప్పరు, చెప్పినా గాల్లో మాట చెబుతారు. నిజంగా వద్దనేవాళ్ళు వేరే దారి చూపిస్తారు. ‘కింద క్యాంటీన్ ఉందిగా’ అన్నది అలాంటిది. డాక్టరు పత్యం చెప్పాడేమో, ఆయనకి ఇంకేదో తినాలనుందేమో, రోజూ మీ కోసం వేళకి గది దగ్గర కనిపెట్టుకుని ఉండటమే ఆవిడకి భారమైందేమో.

నా సొంత సంగతి చెబుతాను. మా ఇంట్లో ఒకసారి పెద్ద జబ్బు చేసినప్పుడు దగ్గరి బంధువొకావిడ రోజూ సేమ్యా పాయసం తెచ్చేది. ప్రేమగానే. ఇంట్లో ఉన్నది షుగర్ మనిషి. తినలేం, పారబోయలేం, వద్దని గట్టిగా అనలేం. ఫ్రిజ్ తెరిస్తే పాయసం గిన్నెలు వరసగా నా వైపే చూస్తుండేవి. ఆ తర్వాత ఆరు నెలలు ఆవిడ కనిపిస్తే పక్క సందులోంచి వెళ్ళేదాన్ని. కృతజ్ఞత లేక కాదు. అంత చేసిన మనిషికి నేనేం చేయగలనన్న బరువు. ఎదురుపడితే ఆ బరువు గుర్తొచ్చేది, కాబట్టి ఎదురుపడటం మానేశాను. బయటి నుంచి చూస్తే ఇది అచ్చంగా పొగరులాగే ఉంటుంది. ఆవిడ కూడా అలాగే అనుకుందని తర్వాత తెలిసింది.

మీ ఎదురింటావిడదీ ఇదే కథా? తెలియదు. నిజంగానే ఎవరి బాధా పట్టని మనిషి కావచ్చు, అలాంటివాళ్ళూ ఉంటారు. తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. ఆవిణ్ణి ఒక చిన్న సాయం అడగండి. ‘నాకింకా మెట్లు దిగడం కష్టంగా ఉంది, కిందికి వెళ్ళినప్పుడు పెరుగు ప్యాకెట్ తెచ్చిపెడతావా అమ్మా’ అనండి. డబ్బులిచ్చి కాదు, ఊరికే. బాకీ తీర్చుకునే వీలు దొరికిన మనిషి మొహం ఎలా తేటపడుతుందో చూద్దురు గాని. తేటపడకపోతే అప్పుడు క్యారియర్ అటక మీదే ఉంచండి, నేనేం అనను.

అడగమంటే మీ గుండెల్లో రాయి పడిందని నాకు తెలుసు. ‘పడ్డానని చాటుకోవడం ఇష్టంలేక’ అని రాశారు. ఎవరికీ చెప్పకుండా తలుపేసుకుని, ఎవరొస్తారా అని ఆరు వారాలు లెక్కపెట్టారు. పై అంతస్తు ముసలాయనకి మీ గుమ్మం దాకా దిగిరావడమే ఒక యాత్ర. ఎదుటివాళ్ళకి పెట్టడం మీకు ఉగ్గుపాలతో వచ్చింది. పుచ్చుకోవడం మాత్రం తలవంపులనుకుంటున్నారు. రైతు బజార్లో ఏం జరిగింది? పీట వేసేసింది. సంచి నింపేసింది. ‘వద్దండీ’ అనడానికి ఆవిడ మీకు టైమివ్వలేదు. ఇన్నేళ్ళలో మీరు మొహమాటం అడ్డు పెట్టుకోకుండా ఒకరి దగ్గర సాయం పుచ్చుకున్నది బహుశా ఆ ఒక్కసారే. ఆ ఏడుపు దానికి. అది మంచి ఏడుపే, అనుమానం పెట్టుకోకండి.

ఆశించడం తప్పా అన్నారు. కాదు. నిష్కామకర్మ గురించి నాకు ఉపన్యాసాలిచ్చిన పెద్దమనుషుల్లో పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. చేసినదానికి ఒక మంచి మాట కావాలనుకోవడం మనిషి లక్షణం. కాకపోతే ఆ మాట ఫలానావాళ్ళే, ఫలానా గిన్నెలోనే వేసి పంపాలంటే కుదరదు. మీరు ఎదురింట్లో పెట్టారు, మీకు రైతు బజార్లో దక్కింది.

మీ అత్తగారి ఎత్తిపొడుపు విషయానికి వస్తే, అది నిజానికి పెద్ద బిరుదే. సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, వేళకాని వేళ వచ్చిన బాటసారులకి కూడా పొయ్యి వెలిగించి వండిపెట్టిన మనిషి. 1909లో పోయారు. మీ జిల్లాల్లో ఈనాటికీ ఆవిడ పేరెత్తితే ముసలివాళ్ళు దణ్ణం పెడతారు, బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వం ఆవిడ పేరే పెట్టింది. ఒక్కటి గమనించండి. ఆవిడ పెట్టింది ఆకలితో గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి. క్యాంటీన్ ఉందన్నవాళ్ళ వెనకాల క్యారియర్ పట్టుకుని వెళ్ళినట్టు నేనెక్కడా వినలేదు.

ఇకముందు ఎవరింట్లోనైనా కష్టం వస్తే ‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అనకండి, ఎవరూ చెప్పరు. మీకు తోచిందే మోసుకెళ్ళకండి కూడా. ‘సాయంత్రం ఇడ్లీ తేనా, లేకపోతే పాపని బడి నుంచి తీసుకురానా?’ అని రెండు చెప్పి ఒకటి ఎంచుకోనివ్వండి. రెండూ వద్దంటే వద్దనే.

మీ వారి మాట. ‘నిన్నెవరు చేయమన్నారు?’ అన్నది పుండు మీద కారమే. నాకూ కోపం వచ్చింది. కానీ ఆయన సెలవు పెట్టిన రెండు రోజుల్నీ మీరు ఒక్క ఉండకట్టిన ఉప్మాతో కొట్టేశారు. గరిటె పట్టని మగవాడు రవ్వ వేయించాడంటే చిన్న విషయమా? మీరు ఖాళీగా పంపిన గిన్నె అది. ఉప్మా బాగుందని అబద్ధం చెప్పక్కర్లేదు. ‘ఆ రెండు రోజులూ మీరుండటం నాకు ధైర్యంగా ఉంది’ అనండి, నిజమైతేనే. తర్వాత ‘ఎవరు చేయమన్నారు అంటే నాకు గుచ్చుకుంది’ అని కూడా చెప్పండి, అది కూడా నిజమే కాబట్టి. మీవాడి రేటింగ్ జోకు మాత్రం, క్షమించాలి, నాకు నవ్వొచ్చింది.

తెల్లవారుజాము మెలకువని తేలిగ్గా తీసుకోకండి. ఈ వయసులో ఒంట్లో మార్పులుంటాయి, ఆరు వారాలు కదలకుండా ఉన్న ఒళ్ళు, పైన మనసు దిగులు. నిద్ర చెడటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకి చూపించుకోవాల్సిందే. మీకు సంక్రాంతి నుంచీ ఉందంటే దాటినట్టే. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, డబ్బులు అక్కర్లేదు, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు.

ఈ వారం మళ్ళీ రైతు బజారుకి వెళ్ళండి. ఆ కూరలావిడకి ఏమీ పట్టుకెళ్ళకండి, మీ చేతులు ఊరుకోవని తెలుసు, అయినా ఈసారికి వద్దు. పేరు అడగండి. ‘ఆ రోజు నువ్వు పీట వేస్తే నాకు ప్రాణం లేచొచ్చిందమ్మా’ అని చెప్పండి. తను వేసిన కట్ట మీ దాకా వచ్చేసరికి ఎంతైందో ఆవిడకీ తెలియదు మరి.

పాదం ఇంకా లాగుతున్నట్టుంది, మెట్లు ఎక్కకండి. పై అంతస్తుకి పులిహోర పంపబుద్ధేస్తే మీ అబ్బాయి చేత పంపండి. డెలివరీ సంగతి వాడికి బాగా తెలుసుగా.