చుక్క పెట్టాల్సిన చోట

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి,

నీ ఇంగ్లీషు కథ అందింది. మొదటి పేజీ మొత్తం ఒకటే వాక్యం! మీ అమ్మమ్మ లేచింది, మహేంద్రతనయ ఏటికి వెళ్ళింది, నీళ్ళు తెచ్చింది, పొయ్యి వెలిగించింది. అన్నిటి మధ్యా కామాలే. చిరాకేసింది. ఆమె తడి కొంగుతో పొయ్యి ఊదే చోట మాత్రం కళ్ళు చెమర్చాయి. అందుకే వెంటనే రాస్తున్నాను.

ఈ తప్పు మన తెలుగులోంచే వస్తుంది. "లేచి, ఏటికి వెళ్ళి, నీళ్ళు తెచ్చి, పొయ్యి వెలిగించింది" అంటాం. చివరిదొక్కటే పూర్తి క్రియ. మిగతావి అసమాపకాలు, వాటి మధ్య కామా చాలు. ఇంగ్లీషులో 'షి వోక్ అప్' అనగానే వాక్యం అయిపోయింది. దాని పక్కన 'షి వెంట్ టు ద రివర్' అని పెట్టి కామాతో అతికిస్తే అతకదు. ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా సెమీకోలన్. కామానే ఉంచుతానంటే దాని తర్వాత 'అండ్' లాంటి మాట రావాలి. ఒడియా బడిలో వాక్యం చివర నిలువు గీత గీసినదానివి కదా, ఆ గీత గీసే చోటే ఇక్కడ చుక్క.

ఇంగ్లీషు ఆర్టికల్స్ 'ఏ', 'ఏన్' దగ్గర తర్వాతి మాట మొదటి అక్షరం చూడకు, పలుకు విను. 'ఏన్ అవర్', 'ఏ యూనివర్సిటీ'.

నీ వయసులో నేనొక ఇంగ్లీషు పత్రికకు వ్యాసం పంపాను. సంపాదకుడు ఎర్ర సిరాతో 'గ్రామర్ వీక్' అని రాసి తిప్పి పంపాడు. ఏ వాక్యంలో, ఏం తప్పు? ఒక్క ముక్క లేదు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. లావుపాటి గ్రామర్ పుస్తకం కొని టెన్సులన్నీ బట్టీపట్టాను. ఒక్క పేరా బాగుపడలేదు. చివరికి పాత న్యూస్‌పేపర్ ముందేసుకుని, ప్రతి పూర్తి క్రియకూ పెన్సిల్‌తో సున్నా చుట్టడం మొదలుపెట్టాను. ఒకే వాక్యంలో రెండు సున్నాలుంటే వాటిని కలిపిందేమిటా అని వెతికేవాణ్ణి. వానాకాలమంతా అదే పని. గ్రామర్ నాకు అప్పుడే వచ్చింది.

గిడుగు రామమూర్తి గారు మన ఊళ్ళో మాస్టారుగా ఉంటూ కొండజనం మాట్లాడే సవర భాష నేర్చుకున్నారు. మనుషుల మాట విని, అందులోంచే నియమాలు పట్టుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. నువ్వూ అలాగే నేర్చుకో. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు అని గోడల మీద రాసేవాళ్ళకు డబ్బు కట్టకు.

కథ ఎక్కడికి పంపాలని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు ఆ పేజీలో సున్నాలు చుట్టి, చుక్కలు పెట్టి, మళ్ళీ రాసి పంపు. పొయ్యి ఊదే వాక్యాన్ని మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు