రిపోర్టులన్నీ నార్మలే, మరి ఈ బాధేంటి?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 34 ఏళ్లు. రెండేళ్లుగా కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వెంటనే విరేచనం. అయ్యాక కాస్త తగ్గుతుంది. ఆఫీసుకు బయల్దేరేలోపు నాలుగుసార్లు బాత్రూంకి వెళ్తాను. మీటింగ్ ఉందంటే ఇంకా ఎక్కువ. రక్తపరీక్షలు, కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) అన్నీ నార్మల్. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ – పేగు పనితీరులో తేడా వల్ల నొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం వచ్చే సమస్య) అని చెప్పి రాత్రిపూట 10 మి.గ్రా. ఎమిట్రిప్టిలిన్ రాశారు. అది డిప్రెషన్ మందట కదా! ఇంట్లోవాళ్లేమో ‘అంతా నీ భ్రమ’ అంటున్నారు.
– ఓ సోదరి

జవాబు: భ్రమ కాదమ్మా. కొలనోస్కోపీలో కనిపించేది పేగు లోపలి పొర. పుండో, వాపో, గడ్డో ఉంటే తెలుస్తుంది. పేగు నరాలు ఎంత సున్నితంగా మారాయో అందులో కనబడదు, ఐబీఎస్‌లో తేడా వచ్చేది అక్కడే. ఇతరులకు తెలియనైనా తెలియని కొద్దిపాటి గ్యాసు మీకు నొప్పిగా తెలుస్తుంది.

పేగుకూ మెదడుకూ మధ్య వేగస్ నరం ఉంటుంది. దాని తంతువుల్లో సుమారు 80 శాతం పేగులోని సంగతులను మెదడుకు చేరవేసేవే. అందుకే ఆందోళన పేగును కదిలిస్తే, పేగు బాధ ఆందోళనను పెంచుతుంది. ఏది ముందన్న పంచాయితీ అనవసరం.

ఇక మాత్ర సంగతి. డిప్రెషన్‌కు ఇదే మందును సాధారణంగా 75 మి.గ్రా., ఆపైన వాడతారు. ఐబీఎస్‌కు 10తో మొదలుపెట్టి, అవసరమైతే 30 వరకు మెల్లగా పెంచుతారు. ఈ మోతాదులో అది నొప్పి సంకేతాలను తగ్గిస్తుంది, పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది. విరేచనాల రకం ఐబీఎస్‌కు అందుకే నప్పుతుంది, మలబద్ధకం ఉన్నవారికి ఇబ్బంది పెడుతుంది. మొదటి వారం నోరు ఎండటం, పొద్దున మత్తుగా ఉండటం మామూలే. గుణం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. చాలామంది నాలుగో రోజే మానేసి ‘పనిచేయలేదు’ అంటారు! గుండె లయలో తేడా, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి.

పొద్దున లేచాక, తిన్నాక పెద్దపేగు బలంగా కదలడం సహజం. దానికి ‘దారిలో వస్తే ఎలా’ అన్న భయం తోడైతే ఉత్తి కదలిక కూడా అర్జెంటుగానే అనిపిస్తుంది. ముందుజాగ్రత్తగా వెళ్లే ప్రతిసారీ ఆ భయానికే బలం. అలా వెళ్లేవాటిలో వారానికి ఒక్కోటి చొప్పున తగ్గించుకుంటూ రండి. మళ్లీ వెళ్లాలనిపిస్తే ఐదు నిమిషాలు ఆగి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. చెయ్యి పైకి లేవాలి, ఛాతీ కాదు. ఇది తీరిగ్గా ఉన్నప్పుడు రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు సాధన చేస్తేనే కష్టకాలంలో అక్కరకొస్తుంది. టిఫిన్ మానేసి వెళ్లడం వద్దు. తర్వాత ఒక్కసారిగా ఎక్కువ తింటే పేగు మరింత గట్టిగా కదులుతుంది.

రెండు వారాలు డైరీ రాయండి. ఏం తిన్నారో ఒక్కటే కాదు, నిద్ర ఎంత, ఆ రోజు ఏం పని ఉంది, నొప్పి పదికి ఎంత అన్నవీ ఉండాలి. తిండి ఒక్కటే రాస్తే ప్రతి నొప్పికీ తిండే కారణంలా కనిపిస్తుంది, ఒక్కొక్కటీ మానేస్తూ చివరికి చిక్కిపోతారు. వీటితో చాలకపోతే సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) చేసే సైకాలజిస్టును కలవండి.

మలంలో రక్తం, నిద్రలోంచి లేపే విరేచనం, బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత – వీటిలో ఏది వచ్చినా ఐబీఎస్ అని సరిపెట్టుకోకుండా మళ్లీ పరీక్షలు చేయించాలి.

ప్రశ్న: మా అబ్బాయికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు). స్టెరాయిడ్ మొదలుపెట్టాక నిద్ర లేదు, ఊరికే కోపం. నిన్న ‘బతికి ఏం లాభం’ అన్నాడు. మాత్రలు ఆపేయమంటారా?
– ఓ తండ్రి

జవాబు: మీ అంతట మీరు ఆపకండి. కొన్ని వారాలు వాడాక హఠాత్తుగా మానేస్తే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ చాలక ప్రాణాపాయం రావచ్చు. నిద్ర పట్టకపోవడం, కోపం, దిగులు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌లతో వచ్చేవే, మోతాదుతో పాటు పెరుగుతాయి. రోజు మాత్రలన్నీ పొద్దున్నే వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి, నిద్రకు మేలు. కానీ ఆ మాట అన్నాడంటే అపాయింట్‌మెంటు కోసం ఆగొద్దు. ఈరోజే సైకియాట్రిస్టు దగ్గరకో, ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి, వాడుతున్న మాత్రల చీటీ చూపించండి. అప్పటిదాకా ఒంటరిగా వదలకండి, మందుల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి.