శాలరీ క్యాప్ లేకపోతే డబ్బున్న జట్టే గెలుస్తుందా? 2010లో డల్లస్‌లో ఉండి చూసిన మాట

అమెరికన్ ఫుట్‌బాల్‌లో శాలరీ క్యాప్, అంటే ఒక జట్టు ఏడాదికి ఆటగాళ్ల జీతాలపై పెట్టగల ఖర్చుకు గరిష్ఠ పరిమితి, ఎత్తేసి ఒక సీజన్ ఆడిస్తే మంచి ఆటగాళ్లందరినీ ధనిక జట్లే కొనేస్తాయా అని మీరు అడిగారు. దీనికి ఊహతో పని లేదు, ఎందుకంటే ఆ ఆటకు పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2010 సీజన్ అలాగే జరిగింది. ఆ రోజుల్లో నేను డల్లస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో ఉద్యోగం చేస్తూ, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వ్యాలీ రాంచ్‌లో అద్దెకు ఉండేవాడిని. డల్లస్ జట్టైన కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, సాధన మైదానం అప్పట్లో అక్కడే ఉండేవి కాబట్టి ఇంట్లో ఆట చూడనివారికి కూడా జట్టు కబుర్లు తెలియకుండా పోయేవి కావు. ఆ సంవత్సరం చూసినవాడిగా నా అభిప్రాయం ఒక్కటే: పరిమితి ఎత్తేస్తే బాగుపడేది యజమానులు, దెబ్బతినేది నాలుగైదేళ్ల అనుభవం ఉన్న ఆటగాళ్లు.

2010 మార్చి 5, శుక్రవారం. ఒప్పందం ముగిసిన ఆటగాళ్లను జట్లు తీసుకునే గడువు ఆ తెల్లవారితోనే మొదలైంది. మా ఆఫీసులో టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన ఉండేవారు. మధ్యాహ్నం భోజనాల గదికి ఆయన ఒక కాగితం తెచ్చి, నా పులిహోర డబ్బా పక్కకు జరిపి మరీ బల్ల మీద పరిచారు. కౌబాయ్స్ కొనబోయే ఆటగాళ్ల పేర్లు ఆయన స్వయంగా రాసుకున్న జాబితా అది. అందులో మొదటి పేరు జూలియస్ పెప్పర్స్. అంతకుముందు ఏడాదే వంద కోట్ల డాలర్లకు పైగా పోసి కొత్త స్టేడియం తెరిచిన కౌబాయ్స్ యజమాని జెర్రీ జోన్స్, ఇక అడ్డు చెప్పే పరిమితే లేనప్పుడు ఊరుకుంటాడా అన్నది ఆయన ధీమా. ఆ రోజే పెప్పర్స్ ఆరేళ్లకు 9.15 కోట్ల డాలర్ల లెక్కన చికాగో జట్టుకు వెళ్లిపోయాడు. పెద్దాయన ఆ పేరు కొట్టేసి, రెండో పేరు కింద గీత గీసి, సాయంత్రం దాకా వార్తల పేజీ తిప్పుతూనే ఉన్నారు. ఆ వసంతంలో కౌబాయ్స్ బయటి నుంచి చెప్పుకోదగ్గ ఆటగాణ్ని ఒక్కణ్ని కూడా తీసుకోలేదు.

కారణం నిబంధనల్లోనే ఉంది. యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2006 నాటి ఒప్పందాన్ని పొడిగించకుండా వదిలేస్తే చివరి సంవత్సరం ఇరుపక్షాలకూ చేదుగా ఉండాలని ముందే రాసుకున్నారు. 2008లో యజమానులు ఆ ఒప్పందం నుంచి ముందుగానే బయటికి రావడంతో ఆ సంవత్సరం నిజంగానే వచ్చిపడింది. గరిష్ఠ పరిమితి పోయిందని అందరూ సంబరపడ్డారు గానీ, దానితోపాటే జట్టు తప్పనిసరిగా పెట్టవలసిన కనీస ఖర్చు కూడా పోయిందన్నది ఎవరూ పట్టించుకోలేదు. మామూలుగా నాలుగు సీజన్లు పూర్తిచేస్తే దక్కే, నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛకు ఆ ఏడాది ఆరు సీజన్లు కావాలన్నారు. దాంతో రెండు వందల మందికి పైగా ఆటగాళ్లు పాత జట్ల గుప్పిట్లోనే ఉండిపోయారు. పైగా గత ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో, చివరి ఎనిమిదిలో నిలిచిన జట్లకు బయటివారిని తీసుకోవడంపై ఆంక్షలు పెట్టారు. ఆ జనవరిలో మిన్నెసోటా చేతిలో 34-3తో చిత్తుగా ఓడినా, కౌబాయ్స్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. పెద్దాయన జాబితా రాసేముందు ఈ నిబంధనలు చదివి ఉంటే ఆయనకు ఒక కాగితం మిగిలేది.

మైల్స్ ఆస్టిన్ సంగతే చూడండి. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2006లో ఎవరూ ఎంచుకోని, బంతి అందుకుని పరుగెత్తే ఈ కౌబాయ్స్ ఆటగాడు (వైడ్ రిసీవర్) 2009లో 1,320 గజాలు సాధించాడు. పాత నిబంధనలే ఉంటే 2010లో ఏ జట్టుతోనైనా స్వేచ్ఛగా బేరమాడుకునేవాడు. ఆరేళ్ల షరతు వల్ల కౌబాయ్స్‌తోనే ఉండి, చివరకు సెప్టెంబరులో వాళ్లతోనే కొత్త ఒప్పందం చేసుకున్నాడు. అందులో 1.7 కోట్ల డాలర్ల మూల వేతనాన్ని 2010లోనే చెల్లించేలా రాశారు, ఎందుకంటే ఆ ఏడాది పరిమితి లేదు కాబట్టి లెక్క అడిగేవారు లేరు, పరిమితి తిరిగి వచ్చే ఏళ్లపై భారం తగ్గుతుంది. వాషింగ్టన్ జట్టు కూడా ఆల్బర్ట్ హేన్స్‌వర్త్, డిఏంజెలో హాల్ ఒప్పందాల భారాన్ని ఇలాగే 2010లోకి తోసేసింది. 2.1 కోట్ల డాలర్ల బోనస్ అందుకున్న హేన్స్‌వర్త్ శిక్షణ శిబిరంలో పరుగు పరీక్ష నెగ్గలేకపోయాడు. డిసెంబరులో జట్టే అతణ్ని చివరి నాలుగు ఆటలకు సస్పెండ్ చేసింది.

ఇక్కడ నా పాత కోపం ఒకటి చెప్పుకోనివ్వండి. లీగే ఆమోదించిన ఆ ఒప్పందాలకు 2012 మార్చిలో, అంటే రెండేళ్ల తరువాత, శిక్ష వేశారు: వాషింగ్టన్‌కు 3.6 కోట్ల డాలర్లు, డల్లస్‌కు కోటి డాలర్లు రాబోయే పరిమితుల్లోంచి కోత. లేని పరిమితిని ఉల్లంఘించడం ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. యజమానుల కార్యవర్గానికి అప్పుడు అధ్యక్షుడు కౌబాయ్స్, వాషింగ్టన్ ఉన్న డివిజన్‌లోనే (లీగ్‌లోని ఉపవర్గంలో) ప్రత్యర్థి అయిన న్యూయార్క్ జెయింట్స్ యజమాని జాన్ మారా! ఖర్చు పెట్టవద్దని యజమానులు లోపల్లోపల కూడబలుక్కున్నారని ఆటగాళ్ల సంఘం కోర్టుకు కూడా వెళ్లింది. ఆ శిక్షను చూశాక నాకు ఆ విషయంలో సందేహం మిగలలేదు.

ఇంతా చేసి మైదానంలో ఏం జరిగిందయ్యా అంటే, ఆ ఖర్చు చేసిన డల్లస్, వాషింగ్టన్ రెండూ ఆరు గెలుపులు, పది ఓటములతోనే (6-10) ముగించాయి. అతి తక్కువ ఖర్చు పెట్టిన జట్లలో ఉన్న కాన్సస్ సిటీ, టాంపా బే 10-6 సాధించాయి. లక్ష జనాభా ఉన్న ఊరి జట్టు గ్రీన్ బే, 2011 ఫిబ్రవరి 6న జెర్రీ జోన్స్ స్టేడియంలోనే పిట్స్‌బర్గ్‌ను 31-25తో ఓడించి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. టీవీ ఆదాయాన్ని 32 జట్లూ సమానంగా పంచుకుంటాయి కాబట్టి అక్కడ పేద జట్టు అనేదే దాదాపు లేదు. డబ్బుతో గెలిచిన జట్టుగా ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లోని మాంచెస్టర్ సిటీని ఉదాహరణ తెచ్చేవారు ఈ సంగతి మరిచిపోతారు. మనవాళ్లకు ఐపీఎల్ పోలికే దగ్గరగా ఉంటుంది. 2025 వేలంలో ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయల గరిష్ఠ పరిమితితోపాటు కనీసం ఇంత ఖర్చు పెట్టాలనే నిబంధన కూడా ఉండేది. హైదరాబాద్ జట్టు అభిమానులు మొదటిదాని గురించే వాదించుకుంటారు గానీ, ఆటగాళ్లను కాపాడేది రెండోది.

మళ్లీ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వస్తే, 2011 మార్చిలో లాకౌట్ (యజమానులు ఆటగాళ్లకు తలుపులు మూసేయడం) మొదలై జులై దాకా సాగింది. ఒక్కసారి పరిమితి పోతే ఆటగాళ్లు దాన్ని మళ్లీ ఒప్పుకోరని సంఘం నాయకుడు జీన్ అప్‌షా బతికుండగా హెచ్చరించేవాడు గానీ, 2011లో క్యాప్ 12 కోట్ల డాలర్ల దగ్గర, 2009 కంటే తక్కువ మొత్తంతో తిరిగి వచ్చింది. దానికి బదులుగా ఆటగాళ్లు సాధించుకున్న వాటిలో ముఖ్యమైనది, 2013 నుంచి ప్రతి జట్టూ నాలుగేళ్ల లెక్కన క్యాప్‌లో 89 శాతం నగదుగా ఖర్చు పెట్టి తీరాలన్న నిబంధన.