సాల్వేజ్ సంగతి దాచి కారు అమ్మితే…

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఈ మధ్య ఒక డీలరు దగ్గర పాత కారు కొనుక్కుంది. టైటిల్ (యాజమాన్య) పత్రం మీద ఏ గుర్తూ లేదు. బీమా కంపెనీ మార్చుకోబోతే, ఆ కారు గతంలో మరో రాష్ట్రంలో వరదలో మునిగి ‘సాల్వేజ్’గా నమోదైందని బయటపడింది. ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా) అన్న కాగితం మీద సంతకం చేశారు కాబట్టి తమకు సంబంధం లేదని డీలరు అంటున్నాడు. నిజమేనా? — ఒక పాఠకుడు

జవాబు: నిజం కాదు. ఆ సంతకానికి అర్థం కారుకు వారంటీ లేదని మాత్రమే. తెలిసిన లోపాన్ని దాచి అమ్మడానికి అది డీలరుకు రక్షణ కాదు.

బాగు చేయించడం గిట్టుబాటు కాదని బీమా కంపెనీ తేల్చిన కారుకు సాల్వేజ్ గుర్తు పడుతుంది. మరమ్మతుల తర్వాత తనిఖీలో నెగ్గితే అది ‘రీబిల్ట్’ అవుతుంది. ఈ నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉండటంతో, బండిని సరిహద్దు దాటించి కొత్త టైటిల్ తీసుకుని పాత గుర్తును మాయం చేసే ‘టైటిల్ వాషింగ్’ దందా పుట్టింది. దాన్ని అరికట్టడానికే 1992 నాటి ఫెడరల్ చట్టం ఎన్‌ఎంవీటీఐఎస్ అనే జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థకు పునాది వేసింది. 2009 నుంచి బీమా కంపెనీలు, తుక్కు యార్డులు దానికి నెలనెలా వివరాలు పంపాలి. పంపకపోతే ఒక్కో ఉల్లంఘనకు 1,000 డాలర్ల వరకు జరిమానా ఉంటుంది.

మీ అమ్మాయికి అసలు బలం కాలిఫోర్నియా చట్టంలో ఉంది. 2012 జూలై నుంచి అక్కడి డీలరు పాత కారును అమ్మకానికి పెట్టే ముందు ఎన్‌ఎంవీటీఐఎస్ నుంచి ఆ కారు నివేదిక తెప్పించుకోవాలి. అందులో సాల్వేజ్ నమోదు ఉంటే కారు మీద హెచ్చరిక అతికించి, అమ్మేలోగా నివేదిక ప్రతిని కొనేవారి చేతికివ్వాలి. ‘మాకు తెలియదు’ అనే సాకుకు ఇక్కడ చోటు లేకుండా చేసినందువల్ల నాకు ఇది ఎంతో విలువైన నియమంగా తోస్తుంది. అదే ఒక ప్రైవేటు వ్యక్తి దగ్గర కొని ఉంటే, అతనికి సంగతి ముందే తెలుసని నిరూపించే భారం కొన్నవారి మీద పడేది.

ముందుగా కారు గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరుతో ఆ నివేదిక తీసుకుని, సాల్వేజ్ నమోదైన తేదీ అమ్మకానికి ముందుదో కాదో చూడమనండి. కేసంతా దాని మీదే నిలబడుతుంది. ఒప్పందం, ప్రకటన, డీలరుతో నడిచిన మెసేజ్‌లు భద్రపరచాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే బురద చారను, కార్పెట్ కింద పట్టిన తుప్పును మెకానిక్‌తో ఫొటోలు తీయించాలి. ఆ తర్వాత డబ్బు వాపసు కోరుతూ సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపాలి. వినియోగదారుల చట్టం కింద నష్టపరిహారం కోరాలంటే దావాకు 30 రోజుల ముందు ఈ నోటీసు తప్పనిసరి. డీఎంవీ (రాష్ట్ర మోటారు వాహనాల శాఖ) దర్యాప్తు విభాగానికి కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆ చట్టం కింద మూడేళ్ల గడువు ఉన్నా, ఆలస్యం చేయకుండా అక్కడి న్యాయవాదిని కలవడం మంచిది.

విసిగిపోయి కారును మరొకరికి అమ్మేయాలని మాత్రం చూడవద్దు. ఇప్పుడు ఆమెకు సంగతి తెలుసు కాబట్టి, కొనేవారికి చెప్పకుండా అమ్మితే మోసం కేసు ఆమె మీదే పడుతుంది.