వలస కథ చదివితే క్లాసంతా ఒక్క పిల్లాడి వైపే చూస్తుంటే

మేడమ్, అయిదో తరగతిలో వలస కథ చదవగానే పిల్లలంతా అమ్మానాన్నలు బొంబాయి పోయిన బాబు వైపే తిరిగారని రాశారు. చిక్కు కథలో లేదు, చదివాక "మీ ఇంట్లో కూడా ఇట్లనేనా?" అని పిల్లల్ని అడిగే ప్రశ్నలో ఉంది. వలసలు మామూలైన మన పాలమూరులో (మహబూబ్‌నగర్) అది అడగాల్సిన పనే లేదు. కథలోని పాత్రల గురించే అడగండి: తాత దగ్గరున్న పిల్ల రొట్టె ఎందుకు దాచింది? మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న నాన్న దసరాకు ఎందుకు రాలేకపోయాడు? చెప్పాలనిపించినోళ్లే చెప్తారు, మిగిలినోళ్లకు బొమ్మ గీయడానికి కాగితం ఇవ్వండి.

ఒక్క కథతో ఆపొద్దు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, ప్రింటు తీసుకోవచ్చు. వారానికొకటి, పదిహేను నిమిషాలు చాలు, నడుమ నవ్వించేవీ ఉండాలి. చివర్లో దొరగారెవరో వచ్చి కష్టాలన్నీ తీర్చే కథలు మాత్రం పక్కన పెట్టండి, వాటితో జాలి తప్ప ఏమీ పుట్టదు. ఆ బాబును లేపి చదివించకండి.