గెటిస్‌బర్గ్ కార్డు: అసలు ఫోటోనా, అచ్చు బొమ్మా?

అమెరికాలోని గెటిస్‌బర్గ్ బొమ్మ, 1909 తపాలా ముద్ర ఉన్న మీ పాత పోస్టుకార్డు అసలు ఫోటోనేనా అని అడిగారు. అది బహుశా కొలోటైప్, అంటే జెలటిన్ పూసిన గాజు పలకతో వేసిన అచ్చు. చుక్కలు లేవు కాబట్టి అసలు ఫోటోనే అన్న అమ్మకందారు మాట నిలవదు, కొలోటైప్‌లోనూ వరుస చుక్కలు ఉండవు.

1. 10 రెట్ల భూతద్దంతో ముందు ఆకాశం చూడండి. వరుసగా చుక్కలుంటే హాఫ్‌టోన్ (బొమ్మను చుక్కలుగా వేసే) అచ్చు, అక్కడితో తేలిపోయింది.

2. చుక్కలు లేకపోతే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీరు ఆగొద్దు. 30 రెట్ల అద్దంతో లేత బూడిదరంగు చోట్లు, గోడల మీది నీడల అంచులు చూడండి. పురుగులు పాకినట్టు మెలికలు తిరిగిన సన్నటి గీతలుంటే కొలోటైప్. అసలు ఫోటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఛాయ ఎక్కడా తెగదు.

3. దీపం కింద ఏటవాలుగా పట్టుకోండి. నల్లటి చోట్ల వెండి మెరుపు ఉంటే ఫోటోనే. లేనంత మాత్రాన కాదనలేం.

4. వెనక స్టాంపు గడిలో ‘అజో’ (AZO, ఫోటో కాగితం బ్రాండు) పేరు, నాలుగు త్రిభుజాలూ పైకి చూస్తుంటే 1904–1918 నాటి ఫోటో కాగితం. గడి మీద స్టాంపు ఉంటే మాత్రం ఊడదీయకండి, కార్డు విలువ పడిపోతుంది.

తపాలా ముద్ర పోస్టు చేసిన తేదీ మాత్రమే. ఫోటో అంతకు ఎన్నో ఏళ్ల ముందుది కావచ్చు.