కనెక్షన్ ఉన్నట్టే ఉండి నెట్ ఆగిపోతోందా? ముందు మోడెమ్ లైట్లు చూడండి

లైనక్స్ ఉన్న పాత పీసీ, సీరియల్ పోర్టుకు బయటి మోడెమ్. డయల్ చేస్తే వెంటనే కనెక్ట్ అవుతుంది, పది నిమిషాలకు అన్నీ ఆగిపోతాయి, పీపీపీ0 (లైనక్స్ ఈ డయల్ కనెక్షన్‌కి పెట్టే పేరు) మాత్రం ఉన్నట్టే కనిపిస్తుంది, పీపీపీడీని (దాన్ని నడిపే ప్రోగ్రాంను) చంపి మళ్లీ డయల్ చేస్తే తప్ప కదలదు. ఇదే కదండీ మీ ప్రశ్న? చెన్నైలో ఉన్నప్పుడు అచ్చం ఇదే బాధ నేనూ పడ్డాను.

అప్పుడు వెస్ట్ మాంబళంలో రూమ్. రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ మోడెమ్ కొన్నాను. పేజీలు చాలావరకు వచ్చేవి కానీ, ఎఫ్‌టీపీలో (ఫైళ్లు పంపే పద్ధతి) పెద్ద జిప్ ఫైలు సర్వర్‌కి పంపితే మధ్యలో ఆగేది. ఐప్పసి నెల (తమిళుల అక్టోబర్-నవంబర్) వానలు పడుతున్నాయి, లైన్లోకి నీళ్లు దిగి ఉంటాయనుకుని లైన్‌మన్‌ను బతిమాలి వైరు మార్పించాను. ఏమీ మారలేదు. ఆగిపోయిన కాల్‌కి కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది, ఆ నెల బిల్లు చూసి నిజంగా ఏడుపొచ్చింది.

పక్క రూమ్‌లో ఉండే నెల్లూరు అన్న వచ్చి, "ఆగినప్పుడు మోడెమ్ మీద ఏ లైటు వెలుగుతోందో చూశావా?" అన్నాడు. చూస్తే సీడీ లైటు (అవతలి మోడెమ్‌తో లైను ఉందని చెప్పేది) వెలుగుతూనే ఉంది, అంటే కాల్ తెగలేదు. పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్) కొడితే ఎస్‌డీ, అంటే పీసీ నుంచి డేటా వెళ్తోందని చెప్పే లైటు, మినుకుతోంది; పీసీకి డేటా వస్తోందని చెప్పే ఆర్‌డీలో చలనం లేదు. మోడెమ్ నా పీసీకి డేటా ఇవ్వడం మానేసిందన్నమాట.

కారణం ఫ్లో కంట్రోల్, అంటే డేటా ఎక్కువైనప్పుడు పీసీ, మోడెమ్ ఒకదానికొకటి "ఆపు", "పంపు" అని చెప్పుకునే ఏర్పాటు. నాకంటే ముందు వాడినవాళ్లు మోడెమ్‌ను సాఫ్ట్‌వేర్ పద్ధతిలో పెట్టి సేవ్ చేసేశారు. ఆ పద్ధతిలో 19వ నంబరు బైటు, అంటే కంట్రోల్-ఎస్, కనిపిస్తే మోడెమ్ దాన్ని "ఆపు" అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. మళ్లీ "పంపు" అనే 17వ నంబరు బైటు వచ్చేదాకా కదలదు. జిప్ ఫైల్లో ఈ రెండు బైట్లూ కుప్పలుగా ఉంటాయి. అందుకే ఒక్కోసారి దానంతటదే తేరుకుని మళ్లీ ఆగేది.

మీరు చేయాల్సింది: చాట్ స్క్రిప్టులో (మోడెమ్‌కు డయల్ కమాండ్లు పంపే ఫైలు) డయల్ చేసే ముందు ఏటీ&ఎఫ్, తర్వాత ఏటీ&కే3 పంపండి. మొదటిది మోడెమ్‌ను ఫ్యాక్టరీ సెట్టింగులకు తెస్తుంది, రెండోది హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెడుతుంది, అంటే "ఆపు", "పంపు" సంకేతాలు డేటాలో కాకుండా విడి వైర్ల మీద వెళ్తాయి. &కే3 రాక్‌వెల్ చిప్ ఉన్న మోడెమ్‌లకు, యూఎస్ రోబోటిక్స్ కంపెనీది అయితే &హెచ్1. పీసీ వైపు కూడా అదే పద్ధతి పెట్టడానికి పీపీపీ ఆప్షన్స్ ఫైల్లో సీఆర్‌టీఎస్‌సీటీఎస్ అనే మాట ఉండాలి. కేబుల్ కూడా చూసుకోండి, మూడు వైర్లదైతే హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పనిచేయదు.

దీంతోపాటు అదే ఫైల్లో ఎల్‌సీపీ-ఎకో-ఇంటర్వెల్ 30, ఎల్‌సీపీ-ఎకో-ఫెయిల్యూర్ 4 కూడా రాయండి, అంటే 30 సెకన్లకోసారి అవతలివైపును పలకరించి, నాలుగుసార్లు జవాబు లేకపోతే వదిలేయమని. అవతలి నుంచి జవాబు రాకపోతే సుమారు రెండు నిమిషాల్లో పీపీపీడీ తనే కాల్ కట్ చేస్తుంది. రోగం ఇంకా దొరక్కపోయినా బిల్లు మాత్రం ఆగుతుంది, అందుకని ఇది ఈ రోజే చేయండి.

ఆర్‌డీ మినుకుతూ కూడా పేజీలు రాకపోతే కథ వేరు. /ప్రాక్/టీటీవై/డ్రైవర్/సీరియల్ ఫైలు తెరిచి 'ఓఈ' (అందుకోలేక పోగొట్టుకున్న బైట్ల లెక్క) పక్కన అంకె పెరుగుతోందేమో చూడండి. పెరుగుతుంటే పీసీ బైట్లను అందుకోలేకపోతోంది. సీరియల్ పోర్టును నడిపే చిప్‌లలో 16550ఏ 16 బైట్లు పట్టుకోగలదు, పాత 16450 ఒక్క బైటే పట్టుకోగలదు. అలాంటప్పుడు పోర్టు వేగం 38400కి దించండి.

మోడెమ్ కామ్3 సీరియల్ పోర్టు మీద, మౌస్ కామ్1 మీద ఉంటే రెండూ ఐఆర్‌క్యూ 4 (ప్రాసెసర్‌ను పిలిచే లైను) కోసం కొట్టుకుంటాయి, ఒకదాన్ని మార్చండి.

ఆగినప్పుడు ఏ లైట్లు వెలుగుతున్నాయో, ఓఈ అంకె ఎంతో ఇక్కడ రాయండి, మిగతాది చూద్దాం.